పిల్లాడిని బడికి పంపాలా, ఆపాలా?

జ్వరం వచ్చిన బడిపిల్లాడిని ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలి? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని 2020 మార్చి నుంచి 2022 మార్చి వరకు, కరోనా సాగిన ఆ రెండేళ్ళలో ఈ ఒక్క ప్రశ్నకు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల తల్లిదండ్రులు విన్న జవాబులు ఒకటీ రెండూ కావు. 28 రోజులన్నారు, 14 అన్నారు, 17 అన్నారు, 10 అన్నారు, చివరకు 7 అన్నారు. ప్రతిసారీ కాగితం మారింది. ఎందుకు మారిందో వివరంగా చెప్పే మాట మాత్రం మన వాడలదాకా రాలేదు.

గడిచిపోయిన సంగతి ఇప్పుడెందుకని కొందరు అనవచ్చు. ఆ ప్రశ్న గడిచిపోలేదు గనుకనే. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో బర్డ్ ఫ్లూతో మరణించింది. అదే ఏడాది మే నెలలో కరోనా కేసులు తిరిగి కనిపించడంతో రాష్ట్ర ఆరోగ్యశాఖ జాగ్రత్తలు ప్రకటించింది. ఏడాది చివర పల్నాడులో స్క్రబ్ టైఫస్ జ్వరం గురించి కలవరం చెలరేగింది. ఈ మూడు జబ్బులూ మూడు దారులు. మొదటిది జబ్బుపడ్డ కోళ్ళ, పక్షుల నుంచి వస్తుంది. రెండోది మనిషి నుంచి మనిషికి అంటుతుంది. మూడోది నల్లిజాతి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చేది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అయినా మూడుసార్లూ మన ఇళ్ళల్లో లేచిన ప్రశ్న ఒక్కటే. పిల్లల్ని బడికి పంపాలా, ఆపాలా?

2020 ఏప్రిల్, మే నెలలను నరసరావుపేట వాసులు అంత తొందరగా మరచిపోరు. అప్పటికి పల్నాడు జిల్లా ఏర్పడలేదు, మనమంతా గుంటూరు జిల్లాలోనే ఉన్నాం. వరవకట్ట, రామిరెడ్డిపేట ప్రాంతాల పేర్లు రోజూ పత్రికల్లో వచ్చేవి. మే 15 నాటికి కొత్త కేసు లేకుండా చేయాలన్న లక్ష్యంతో 'మిషన్ మే 15' అని పేరుపెట్టి పట్టణాన్ని కట్టుదిట్టంగా మూసివేశారు. అది రంజాన్ మాసం. తరావీహ్ ఇంట్లో, జుమా బదులు జొహర్ ఇంట్లో, చివరకు మే 25న ఈద్ కూడా ఇంట్లోనే. మసీదు తలుపులు మూసి ఉండగా రంజాన్ గడపడం ఆ తరానికి అదే మొదటిసారి.

బడులు అంతకుముందే, మార్చి 19 నుంచే మూతబడ్డాయి. పదో తరగతి పరీక్షలు వాయిదాపడి, చివరకు జూన్‌లో రద్దయ్యాయి. నవంబరు 2న 9, 10 తరగతులకు, ఇంటర్‌కు తలుపులు తెరిచారు. గదికి 16 మంది, రోజు విడిచి రోజు. 8వ తరగతికి అదే నెల 23న, 7వ తరగతికి డిసెంబరులో, 6వ తరగతికి 2021 జనవరిలో, చిన్నపిల్లలకు ఫిబ్రవరి 1న. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ముగ్గురికీ మూడు తేదీలు, మూడు టైంటేబుళ్ళు. మళ్ళీ ఏప్రిల్ 20 నుంచి 9వ తరగతి వరకు సెలవులు. ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు.

నవంబరులో తెరిచిన మొదటి మూడు రోజుల్లోనే రాష్ట్రంలో 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కరోనా ఉన్నట్టు తేలింది. బడికి వచ్చిన పిల్లలు దాదాపు నాలుగు లక్షలు కనుక ఇది వెయ్యికి ఒకరు కూడా కాదని, భయపడనక్కర్లేదని అప్పటి పాఠశాల విద్యా కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు వివరించారు. లెక్క సరైనదే. కాని తల్లి అడిగేది ఆ లెక్క కాదు. ఆ 262 మందిలో ఒకరు నా కొడుకు పక్కన కూర్చున్నవాడైతే నేనేం చేయాలి అని ఆమె అడుగుతుంది. దానికి జవాబు విజయవాడలో కాదు, బడి గేటు దగ్గర దొరకాలి.

అసలు ఈ రోజుల లెక్క ఎందుకు మారిందో ఇప్పటికైనా తెలుసుకోవడం మంచిది. ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. రోగిని తాకినవారిని, రోగితో కలిసి తిరిగినవారిని విడిగా ఉంచడం క్వారంటైన్. జబ్బు వచ్చినట్టు తేలినవారిని విడిగా ఉంచడం ఐసొలేషన్. మొదటిదానికి లెక్క, వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి ఎన్ని రోజులు పట్టవచ్చు అన్నది. కరోనాకు అది గరిష్ఠంగా 14 రోజులని మొదట్లో తేల్చారు. రెండోదానికి లెక్క, రోగి ఇతరులకు ఎన్ని రోజులపాటు అంటించగలడు అన్నది. రెండు లెక్కలూ ఒకటి కావు. మన ఇళ్ళల్లో, ఆ మాటకొస్తే చాలా బడుల్లోనూ, రెండింటినీ ఒకే గాటన కట్టారు.

క్వారంటైన్ అన్న మాట నలభై అనే అర్థంగల ఇటలీ మాట నుంచి పుట్టింది. మధ్యయుగాల్లో ప్లేగుకు భయపడి రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు బయటే నిలిపేవారు. చిల్లా అంటే నలభై అని తెలిసిన మన ఇళ్ళకు, బాలింతను నలభై రోజులు విడిగా కాపాడుకునే మన అమ్మలకు, ఈ మాట అంత పరాయిదేమీ కాదు. ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే వెంటనే అందేదే.

మొదట జబ్బు గురించి తెలిసింది తక్కువ కనుక గడువు ఎక్కువ పెట్టారు. విదేశాల నుంచి వచ్చినవారిని మన రాష్ట్రంలో 28 రోజులు గమనించారు. ఆసుపత్రిలో చేరినవారిని 24 గంటల తేడాతో రెండు పరీక్షల్లో నెగెటివ్ వస్తేగాని పంపలేదు. 2020 మేలో స్వల్ప లక్షణాలున్నవారికి ఆ పరీక్ష తీసేశారు. ఇంట్లోనే ఉండే రోగికి అప్పుడు 17 రోజులన్నారు. జూలైలో 10 రోజులు, ఆపైన మరో 7 రోజులు జాగ్రత్త అన్నారు. రోగి ఎక్కువగా అంటించేది లక్షణాలు కనబడే ముందు రెండు రోజులు, కనబడిన తరువాత తొలి కొద్ది రోజులేనని అనుభవం మీద రుజువైంది. టీకాలు వచ్చాయి. ఒమిక్రాన్ తొందరగా అంటుకొని తొందరగా తగ్గుతోందని తేలింది. అందుకని 2022 జనవరి 5న కేంద్రం దాన్ని 7 రోజులకు తగ్గించింది, చివరి మూడు రోజులు జ్వరం లేకుంటే చాలంది. ఆ మరుసటి వారమే, వయసు మళ్ళినవారు, ఇతర జబ్బులున్నవారు తప్ప లక్షణాలు లేని మిగతా కాంటాక్టులకు పరీక్షే అక్కరలేదని ఐసీఎంఆర్ ప్రకటించింది.

నిబంధన మారడం తప్పు కాదు. జ్ఞానం పెరిగితే నిబంధన మారాలి, మారకపోతేనే అనుమానించాలి. కారణం చెప్పకుండా మార్చడమే తప్పు. కారణం తెలియని తల్లి, ఏడు రోజులు చాలంటే, అంతకుముందు 17 రోజులు మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టారా అని అడగదా? అడిగింది కూడా.

ఆ జనవరిలో పల్నాటివారికి మరో చిక్కు వచ్చింది. సంక్రాంతి సెలవులు ముగిశాక 17వ తేదీ నుంచి మన రాష్ట్రంలో బడులు తెరిచారు. తెలంగాణలో నెలాఖరు వరకు సెలవులు పొడిగించారు, ఫిబ్రవరి 1న తెరిచారు. మాచర్ల నుంచి సాగర్ దాటితే తెలంగాణ. దాచేపల్లి నుంచి కృష్ణ దాటితే వాడపల్లి, ఆపైన మిర్యాలగూడ. మన కుటుంబాల్లో నదికి ఆవలివైపు బంధుత్వాలు లేని ఇళ్ళు అరుదు. ఈవల ఖాలా కొడుకు బడికి వెళుతున్నాడు, ఆవల మామూ కూతురు ఇంట్లో ఉంది. వైరస్ ఒక్కటే, నది ఒక్కటే. రెండు ప్రభుత్వాల నిర్ణయాలకూ వాటి వాటి కారణాలు ఉండవచ్చు. చదువు పోతుందన్న ఆందోళన మన ప్రభుత్వానిది, కేసులు పెరుగుతాయన్న భయం వారిది. ఫోనులో మాట్లాడుకున్న అక్కచెల్లెళ్ళకు మాత్రం మిగిలింది, ఎవరికీ ఏమీ తెలియదన్న అభిప్రాయం ఒక్కటే.

ఇక విడిగా ఉంచడమన్నది కాగితం మీద ఎంత తేలికో, ఇంట్లో అంత కష్టం. రోగికి గాలి వెలుతురు వచ్చే వేరే గది, వీలైతే వేరే మరుగుదొడ్డి ఉండాలని మార్గదర్శకాలు చెప్పాయి. వంటా పడకా ఒకే గదిలో సాగే ఇంట్లో దాని అర్థం ఏమిటి? దాచేపల్లి, పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల్లో పనిచేసే తండ్రి, మిరప కోతలకు వెళ్ళే తల్లి, తోపుడుబండి మీద పండ్లమ్మే చాచా, వీరిలో ఒకరు పిల్లాడి దగ్గర ఇంట్లో ఉండాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. క్వారంటైన్ కేంద్రంలో ఉండి ఇంటికి వెళ్ళే పేదలకు 2020లో రాష్ట్ర ప్రభుత్వం రూ.2,000 ఇచ్చింది, అది మెచ్చుకోదగిన పని. ఇంట్లో ఉన్న పిల్లాడికి కాపలాగా కూర్చున్న తల్లికి మాత్రం ఏమీ లేదు. ఇంగ్లండులో ఇలా విడిగా ఉండవలసి వచ్చిన తక్కువ ఆదాయంవారికి 500 పౌండ్లు ఇచ్చారు. 2021 మార్చిలో ఆ సహాయాన్ని పిల్లలకోసం ఇంట్లో ఉండిపోయిన తల్లిదండ్రులకు కూడా వర్తింపజేశారు. అంత డబ్బు మనం ఇవ్వలేకపోవచ్చు. కాని పిల్లాడిని విడిగా ఉంచడం అంటే తల్లి కూలిని కూడా ఆపడమేనని అక్కడ గుర్తించారు, ఇక్కడ గుర్తించలేదు.

అలాగని అక్కడివారి సంగతి అంతా సవ్యంగా సాగిందనుకోనక్కర్లేదు. తరగతిలో ఒక్కరికి వస్తే ఆ గుంపు మొత్తాన్ని పది రోజులు ఇంటికి పంపే 'బబుల్' పద్ధతి పెట్టారు. 2021 జూలైలో ఒక దశలో పది లక్షలకు పైగా పిల్లలు కరోనా కారణంగా బడికి దూరమయ్యారు, వారిలో జబ్బు వచ్చినవారు కొద్దిమందే. ఆ ఆగస్టు 16 నుంచి, కలిసి తిరిగినంత మాత్రాన పిల్లలు ఇంట్లో ఉండనక్కర్లేదన్నారు. సరిగ్గా అదే రోజు మన రాష్ట్రంలో బడులు తెరిచారు. లండన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలదీ, గురజాలలోని కుటుంబాలదీ ఆ రోజుల్లో ఒకే దిగులై ఉంటుంది.

మన తల్లులకు మరో భయం కూడా ఉంది, హాజరు. అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టారు. కరోనా కారణంగా 2021 జనవరి విడతలో దాన్ని పక్కనపెట్టినా, 2022 జూన్ విడతకు తిరిగి అమలుచేశారు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకానికి కూడా 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఒక కాగితం పిల్లాడికి జ్వరముంటే పంపవద్దంటుంది. మరో కాగితం పంపకపోతే డబ్బు రాదంటుంది. రెండూ ఒకే ప్రభుత్వం కాగితాలు. ఈ రెండింటి మధ్య నలిగే తల్లి పిల్లాడికి పారాసిటమాల్ బిళ్ళ వేసి బడికి పంపితే ఆమెను తప్పుపట్టే అర్హత మనకుందా?

ఈ భయంలో సగం లెక్క తెలియకపోవడం వల్లనే పుట్టింది. బడి ఏడాదికి 220 రోజులు నడిస్తే 75 శాతం అంటే 165 రోజులు. 55 రోజులు పోయినా నిబంధన చెడదు. కరోనాతో ఏడు రోజులు, ఆటలమ్మతో పది రోజులు పోయినా 17 రోజులే. హాజరు నిజంగా పడిపోయేది మిరప కోతల కాలంలో పిల్లలను వెంట తీసుకుపోయినప్పుడు, ఇంట్లో చిన్నవాళ్ళను చూసుకోమని ఆడపిల్లను ఆపినప్పుడు. ఆ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. అయితే ఈ సాధారణ లెక్క చెప్పవలసింది బడి. 2021-22లో బడులు ఆగస్టు మధ్యలో గాని తెరుచుకోలేదు, పనిదినాలే తక్కువ, ఒక్కో రోజు విలువ అంతకంత పెరిగింది. అలాంటి సంవత్సరాల్లో వైద్యుడి చీటీ ఉన్న జ్వరం రోజులను గైరుహాజరుగా లెక్కించరాదు. ఇది పెద్ద కోరిక కాదు.

మన సమాజానికి మాత్రమే చెందిన గాయం ఇంకొకటుంది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళివచ్చినవారిలో కేసులు బయటపడ్డాక, జబ్బుకు మతం అంటగట్టారు. వైరస్‌కు మతం లేదని, ఎవరినీ వేరుగా చూడవద్దని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఏప్రిల్ మొదటి వారంలోనే ప్రజలను కోరారు. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి వ్యాఖ్యానించింది. మర్కజ్‌కు వచ్చినవారికి ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయులపై పెట్టిన కేసులను 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. తీర్పు రావడానికి అయిదేళ్ళు పట్టింది. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్తకు దగ్గు సంగతి దాచడం, పిల్లాడికి ఒళ్ళు కాలుతున్నా ఎండదెబ్బని చెప్పడం, ఇవి మొండితనంతో చేసినవి కావు. బడిలో నా బిడ్డను వేలెత్తి చూపుతారన్న భయంతో చేసినవి. అవమానం ఎదురవుతుందనుకున్న చోట ఏ నిబంధనా పనిచేయదు.

ఈ విషయంలో మన ధార్మిక చరిత్ర ఎంతో స్పష్టంగా ఉంది. సఖీఫ్ తెగవారు బైఅత్ చేయడానికి వచ్చినప్పుడు వారిలో ఒక కుష్ఠురోగి ఉన్నాడు. దైవప్రవక్త (సల్లం) అతనికి కబురు పంపి, అతని బైఅత్ స్వీకరించామని, తిరిగి వెళ్ళవచ్చని తెలియజేసినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. అతను గుంపులోకి రాలేదు, కనుక ఇతరులకు రక్షణ. అతని బైఅత్ చెల్లింది, కనుక అతనికి గౌరవం. రెండూ ఒకే కబురులో ఇమిడాయి. బడి నుంచి పిల్లాడిని ఇంటికి పంపే హెడ్మాస్టరు కూడా ఇంత పని చేయగలరు. నీ సీటు నీదే, నీ పాఠం నీకు అందుతుంది, హాజరు గురించి బెంగవద్దు అని తల్లితో ఒక మాట అంటే చాలు.

మరొకటి హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోది. హిజ్రీ 18 ప్రాంతంలో, క్రీస్తుశకం 639 నాటికి, సిరియా ప్రాంతంలో అమ్వాస్ ప్లేగు వ్యాపించింది. సిరియాకు బయలుదేరిన ఖలీఫా సర్గ్ అనే చోట ఆ వార్త విన్నారు. ముహాజిర్లను పిలిచి అడిగారు, అభిప్రాయాలు చీలాయి. అన్సార్లను అడిగారు, మళ్ళీ చీలాయి. చివరకు ఖురైషు పెద్దలను సంప్రదించి వెనక్కి మళ్ళాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) నిలదీశారు. ఖలీఫా ఆయన మీద అధికారం చూపి నోరు మూయించలేదు. పచ్చిక ఉన్న వాలు, బీడువాలు రెండూ ఉన్న లోయలో ఒంటెలను మేపే కాపరి ఉపమానం చెప్పి తన నిర్ణయానికి కారణం వివరించారు. తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న చోటికి పోవద్దని, ఉన్న చోట నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (సల్లం) చెప్పిన సంగతి గుర్తుచేశారు. ఈ హదీసును 2020లో మన మసీదుల నుంచి చాలాసార్లు వినిపించారు. కాని అంతకు ముందు జరిగిన సంప్రదింపు, ప్రశ్న, జవాబు ఎక్కువగా వినిపించలేదు. బయలుదేరిన దారి మార్చుకున్న పాలకుడు, ఎందుకు మార్చుకున్నాడో నలుగురిలో చెప్పాడు. మన అధికారుల ఉత్తర్వుల్లో లోపించింది సరిగ్గా అదే.

ఈ లోపాన్ని కొంత మనమే పూడ్చుకోవచ్చు. జుమా రోజు బయాన్ తరువాత రెండు నిమిషాలు బడి కాగితంలో ఏముందో ఇమాంసాబు మామూలు మాటల్లో చెబితే, అది వందల ఇళ్ళకు చేరుతుంది. 2022 మార్చిలో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తిస్తూ శాసనసభ చట్టం చేసింది, కనుక ఆరోగ్య సూచనలు ఉర్దూలోనూ ఇమ్మని అడిగే హక్కు మనకుంది. అయితే పల్నాటిలో నూర్‌బాషాలతో సహా ఎన్నో ముస్లిం ఇళ్ళలో తెలుగే ఇంటిభాష. వారికి అర్థంకానిది తెలుగు కాదు, కాగితంలోని ఆఫీసు తెలుగు.

ఇక ఇప్పటి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ఇంగ్లండులో పరీక్షలో తేలిన పిల్లలకు మూడు రోజులు చాలంటున్నారు. అమెరికాలో 2024 మార్చి నుంచి రోజుల లెక్కే తీసేసి, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోవడం, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టడం కొలతగా పెట్టారు. మామూలు దగ్గు జలుబు జ్వరాలకు మన ఇళ్ళల్లోనూ పనికొచ్చే కొలత ఇది. ఇందులో మందు వేయకుండా అన్నదే ముఖ్యం. ఉదయం బిళ్ళ వేసి తగ్గిన జ్వరం మధ్యాహ్న భోజనం వేళకు మళ్ళీ వస్తుంది, అప్పటికి బెంచీలో పక్కవాడికీ అంటుకుంటుంది.

అన్ని జబ్బులకూ ఒకే లెక్క పనికిరాదు. ఆటలమ్మకు పొక్కులన్నీ పక్కు కట్టేవరకు, తట్టుకు దద్దు కనబడిన తరువాత నాలుగు రోజులు, గవదబిళ్ళలకు వాపు మొదలైన తరువాత అయిదు రోజులు పిల్లాడు ఇంట్లో ఉండాలి. స్క్రబ్ టైఫస్ వచ్చిన పిల్లాడిని తోటి పిల్లలకు దూరంగా ఉంచవలసిన పనే లేదు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. సకాలంలో మందు పడితే తగ్గే జబ్బు అది. దాన్ని కరోనాలాగా దాచిపెడితేనే ప్రాణం మీదకు వస్తుంది. ఏ జ్వరమైనా సరే, పిల్లాడు ఆయాసపడుతున్నా, నీళ్ళు తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా రోజులు లెక్కపెడుతూ కూర్చోకూడదు.

రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల పెద్ద సమావేశాలు జరిపారు. అలాంటి సమావేశానికి వెళ్ళినప్పుడు మన తల్లులు మార్కుల సంగతితో పాటు మూడు విషయాలు అడిగి రావాలి. ఏ జబ్బుకు ఎన్ని రోజులు ఆపాలో నోటీసు బోర్డు మీద మామూలు తెలుగులో, ఉర్దూలో రాసి పెడతారా? జ్వరం రోజులకు వైద్యుడి చీటీ తెస్తే 75 శాతం లెక్కలో ఏం చేస్తారు? ఇంట్లో ఉన్న పిల్లాడికి పాఠం ఎవరి ద్వారా, ఏ రోజు అందుతుంది? హెడ్మాస్టరు చెప్పిన జవాబును ఆ రోజే కమిటీ రిజిస్టరులో రాయించి సంతకం తీసుకోవాలి.